ఇంట్లో చేసుకునే మంచు గోళం: నీటితోనా, నీరు లేకుండానా?

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి మా పర్లాకిమిడి వీధుల్లో కాగితపు నక్షత్రాలు వెలుగుతాయి. మోహన, ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్ళలో సవరల చర్చిలకు సున్నాలు పడతాయి. ఆ రోజుల్లోనే ప్రతి ఏటా ఇద్దరు ముగ్గురు తల్లులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: గాజు సీసాలో మంచు కురిసే బొమ్మను ఇంట్లో ఎలా చేయాలి, దేనితో చేస్తే పాడవకుండా నిలుస్తుంది? సండే స్కూలు పిల్లల చేత ఇలాంటివి చేయిస్తూ వచ్చినదాన్ని కనుక, చెడిపోయినవాటి నుంచి నేర్చుకున్నదే ఎక్కువ కనుక, ఏ సందర్భంలో ఏది ఎంచుకోవాలో వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన భాషలో గడ్డి మీద తెల్లవారి కనబడేదీ మంచే, కొండను కప్పేసేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. కాబట్టి మంచు గోళం అనగానే ఎక్కడి దేవదారు చెట్టునో, పొగగొట్టం ఉన్న ఇంటినో వెతికి తెచ్చుకోవలసిన అవసరం లేదు. ఒడిశాలోని మన గజపతి జిల్లాలోనే ఉన్న 1501 మీటర్ల మహేంద్రగిరిని సీసాలో చిన్న గుట్టగా నిలబెట్టి, దాని మీద తెల్లటి రేణువులు నెమ్మదిగా దిగేలా చేస్తే, డిసెంబరులో ఆ కొండను చూసినవారెవరైనా వెంటనే గుర్తుపడతారు. అలంకరణ ఎవరి అభిరుచి వారిది. నేను ఇక్కడ చెప్పదలచినది పదార్థాల ఎంపిక గురించి.

చాలామంది ముందు సీసా కొంటారు, తరువాత ద్రవం గురించి ఆలోచిస్తారు, చివరికి లోపల పెట్టే బొమ్మను వెతుకుతారు. ఈ వరుస తలకిందులు కావాలని నా అభిప్రాయం. నీటి గోళం చేయాలా, నీరు లేని పొడి గోళం చేయాలా అన్నది మీ అభిరుచి కంటె మీ బొమ్మ దేనితో చేసినదో దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. మా ఊరికి పేరు తెచ్చిన కొమ్ము పనినే తీసుకోండి. పశువుల కొమ్ముతో మలిచిన పక్షులు, రొయ్యలు, దేవతా మూర్తులు చిన్నగా, నున్నగా, గోళంలో పెట్టడానికే చేసినట్టు ఉంటాయి. కాని కొమ్ము అన్నది మన గోళ్ళలాంటి కెరటిన్ పదార్థం. అది నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, పొరలుగా విడిపోతుంది, మెరుగు పోతుంది. నేను మొదటి సంవత్సరం ఒక కొమ్ము కొంగను నీటి సీసాలో పెట్టాను; నూతన సంవత్సరం వచ్చేసరికి దాని మెడ దగ్గర తెల్లటి చారలు పడి, ముక్కు చివర పొర లేచిపోయింది. ఎంతో ఓపికతో ఎవరో చెక్కిన వస్తువును అలా పాడుచేసినందుకు కలిగిన బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఆ కొంగ స్థానం పొడి గోళం.

ఏటికొప్పాక లక్క బొమ్మల సంగతీ అంతే. అడుగున ఉన్న కొయ్య నీటికి ఉబ్బితే పైనున్న లక్క పొర పగులుతుంది. కాల్చని మట్టి బొమ్మ నీటిలో కరిగిపోతుందని వేరే చెప్పనక్కర లేదు. కాల్చిన మట్టి కరగదు గాని, దాని రంధ్రాల్లోని గాలి రోజుల తరబడి బుడగలుగా బయటికి వస్తూనే ఉంటుంది, పైన వేసిన రంగు ఊడుతుంది. దోక్రా ఇత్తడి బొమ్మ నీటిలో కొంతకాలం బాగానే ఉన్నా మెరుపు తగ్గి, పచ్చటి చిలుము పట్టే అవకాశం ఉంది. ఇనుప తీగ ఏ రూపంలో ఉన్నా, చివరికి కాగితపు పువ్వు కాడలో దాగి ఉన్నా సరే, తుప్పు పట్టి నీటిని ఎర్రబరుస్తుంది. నీటిలో నిశ్చింతగా పెట్టదగినవి మెరుగు పూసిన పింగాణీ, గాజు, ఒంటి రంగులోనే పోత పోసిన ప్లాస్టిక్ బొమ్మలు మాత్రమే. పైన రంగు పూసిన ప్లాస్టిక్ బొమ్మ అయితే దానిని ఒక గ్లాసు నీటిలో మూడు రోజులు ఉంచి, రంగు దిగుతుందో లేదో చూసిన తరువాతే నమ్మాలి.

నీటి గోళమే చేద్దామని నిశ్చయించుకున్నవారికి అసలు పని ఇక్కడ మొదలవుతుంది. మంచుగా ఏది వాడాలన్నది అన్నిటికంటె ముఖ్యమైన ఎంపిక.

ఈ వస్తువు పుట్టుకలోనే మన వంటింటి సరుకు ఒకటి ఉందని తెలిసినప్పుడు నాకు చాలా సంతోషం కలిగింది. 1878లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో నీటితో నిండి, తెల్లటి పొడి కురిసే గాజు గోళాలు కనిపించాయన్న నివేదిక ఉంది. అయితే నేడు మనం చూసే రూపానికి ఆద్యుడుగా వియన్నా నగరానికి చెందిన ఎర్విన్ పెర్జీని చెబుతారు. ఆయన శస్త్రచికిత్స పరికరాలు చేసే మెకానిక్. 1900 ప్రాంతంలో ఆపరేషన్ గదికి మరింత వెలుతురు ఇచ్చే దీపం కోసం ప్రయత్నిస్తూ, పూర్వం చెప్పులు కుట్టేవారు దీపం ముందు పెట్టుకునే నీటి గాజు బుడ్డిని తీసుకుని, అందులో వెలుతురును వెదజల్లడానికి ఏవేవో పొడులు కలిపి చూశాడు. వాటిలో ఒకటి రవ్వ. దీపంగా అది పనికిరాలేదు గాని, నీటిలో మెల్లగా దిగుతున్న రవ్వ ఆయనకు మంచులా కనబడింది. తరువాత మరియాజెల్ పుణ్యక్షేత్రంలోని చర్చి నమూనాను అందులో పెట్టాడు. ఆ కుటుంబం వియన్నాలో నేటికీ ఇవే తయారు చేస్తోంది. మా పర్లాకిమిడికి నౌపడా నుంచి చిన్న రైలు మొదలైనది కూడా ఆ 1900 సంవత్సరంలోనే. ఊరి చరిత్ర మీద ప్రేమ ఉన్నవారు గోళంలో ఒక చిన్న రైలింజనును పెట్టుకుంటే ఎంత బాగుంటుందో అని ప్రతి ఏటా అనుకుంటాను.

రవ్వ కథ విన్న పిల్లలు వెంటనే డబ్బాలోని బొంబాయి రవ్వను పోయబోతారు. ఒక పూట ప్రదర్శనకు అది నిజంగానే బాగుంటుంది. గంటలు గడిచేకొద్దీ గింజలు నీరు పీల్చి ఉబ్బి, పిండి విడిచి, నీటిని కలకబారుస్తాయి; కొన్ని రోజుల్లో పులిసిన వాసన వస్తుంది. సగ్గుబియ్యం, కొబ్బరి కోరు, ఇంకే తిండి పదార్థమైనా చివరికి ఇదే దారి. ముగ్గు పిండి కుళ్ళదు కాబట్టి కొందరు దానిని వేస్తారు. కాని అది మరీ మెత్తని రాతి పొడి కావడం వల్ల కుదిపినప్పుడల్లా నీరు పాలలా మారి, లోపలి బొమ్మ చాలాసేపు కనబడకుండా పోతుంది.

థర్మకోల్ పూసలు నీటి మీద తేలుతాయి, ఎంత కుదిపినా కిందికి దిగవు. పాలిథిన్ సంచిని సన్నగా కత్తిరించిన ముక్కలూ అంతే, ఎందుకంటే నీటి సాంద్రత 1 అనుకుంటే పాలిథిన్ సాంద్రత 0.92 నుంచి 0.96 వరకు మాత్రమే ఉంటుంది. గట్టి పాలీస్టైరీన్, అంటే పెళుసుగా విరిగే తెల్లటి ప్లాస్టిక్, సాంద్రత 1.05 కాబట్టి మామూలు నీటిలో మెల్లగా మునిగి ఎంతో అందంగా దిగుతుంది. దీనితో నేను ఒకసారి మోసపోయాను. గ్లాసు నీటిలో పరీక్షించి బాగుందనుకుని, గ్లిజరిన్ కలిపిన ద్రవంలో వేస్తే ఆ తురుమంతా పైకి తేలి మూత దగ్గర అట్టకట్టింది. గ్లిజరిన్ సాంద్రత 1.26, అది కలిసిన ద్రవం మామూలు నీటికంటె బరువు. కాబట్టి మంచు రేణువులను ఎప్పుడైనా సీసాలో పోయబోయే ద్రవంలోనే పరీక్షించాలి తప్ప కుళాయి నీటిలో పరీక్షించి లాభం లేదు.

ఇక మిగిలేవి రెండు, నా దృష్టిలో పోటీ వీటి మధ్యనే. ఒకటి ఫ్యాన్సీ కొట్లలో దొరికే మెరుపు పొడి, మరొకటి గుడ్డు పెంకు. మెరుపు పొడి సాధారణంగా పాలిస్టర్ పొరను కత్తిరించి చేసినది. దాని సాంద్రత దాదాపు 1.38, రేకుల్లా పలచగా ఉండడం వల్ల తిన్నగా పడక, ఆకు రాలినట్టు ఊగుతూ దిగుతుంది. పండుగ దీపాల వెలుగులో తళుక్కుమంటుంది, పిల్లలు దానికే ఓటు వేస్తారు. వెండి రంగు పొడికి కొద్దిగా తెలుపు కలిపితే మంచు అనిపిస్తుంది. ఎరుపు, పచ్చ రంగుల్లో కొన్ని రకాలు రంగు వదులుతాయి కాబట్టి ముందు తడిపి చూడాలి. పొడి ముద్దలుగా తేలుతుంటే గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క కలిపితే తడిసి దిగుతుంది. రెండు చుక్కలు పడితే మాత్రం నురుగు వచ్చి, అది మంచులా కాక సబ్బు నీళ్ళలా కనబడుతుంది.

గుడ్డు పెంకు ఖర్చు లేనిది, కాని పని ఎక్కువ. పెంకును ఉడికించి, లోపలి పలచని పొరను పూర్తిగా వలిచేసి, ఎండబెట్టి, బట్టలో చుట్టి అప్పడాల కర్రతో నలపాలి. టీ వడపోతలో జల్లించి సన్నటి దుమ్మును పారవేసి, మిగిలిన పలుకులను నీరు తేటగా వచ్చేవరకు కడగాలి. ఆ పొర మిగిలితే కుళ్ళు వాసన తప్పదు. పెంకులో ముఖ్యంగా ఉండేది సున్నపురాయి పదార్థమే కనుక రేణువులు బరువుగా ఉండి మామూలు నీటిలో గబగబా పడిపోతాయి. చిక్కటి గ్లిజరిన్ ద్రవంలో మాత్రం నిదానంగా, నిజమైన తెల్లదనంతో దిగుతాయి. నీరు చెడిపోకుండా వినిగర్ వేయమని చెప్పేవారి మాట ఇక్కడ వినకూడదు. వినిగర్‌లో పెంకు కరుగుతూ బుడగలు విడుస్తుంది, మూత బిగించిన సీసాలో అది మంచిది కాదు. మెరుపు పొడి అందమా, పెంకు అందమా అని అడిగితే నా మనసు పెంకు వైపే ఉంటుంది. కొండ మీద మసక వెలుతురులో కనిపించే తెలుపు దానికే వస్తుంది. ముప్పై మంది పిల్లల చేత ఒకే సాయంత్రం చేయించవలసి వస్తే మాత్రం మెరుపు పొడిని మించినది లేదు.

ద్రవం విషయానికి వస్తే, బావి నీరూ బోరు నీరూ వద్దు. వాటిలోని లవణాలు గాజు మీద తెల్లటి మచ్చలు వేస్తాయి, ఇనుము ఉంటే కొన్నాళ్ళకు పసుపు రంగు వస్తుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ పెట్రోలు బంకుల్లో, బ్యాటరీ కొట్లలో సీసాల్లో దొరుకుతుంది. సీలు ఉన్న కొత్త సీసానే తీసుకోవాలి. దానిని ఒకసారి మరిగించి చల్లారనిస్తే సూక్ష్మజీవులు చావడమే కాక, నీటిలో కరిగి ఉన్న గాలి కూడా పోయి తరువాత బుడగలు తక్కువగా వస్తాయి.

గ్లిజరిన్ మందుల దుకాణంలో అడిగితే ఇస్తారు. అది ఎంత కలపాలన్నదే ఎక్కువమంది తడబడే చోటు. 20 డిగ్రీల వేడి దగ్గర అచ్చమైన గ్లిజరిన్ నీటికంటె దాదాపు 1400 రెట్లు చిక్కన. కాని నీటితో కలిసినప్పుడు ఆ చిక్కదనం మనం ఊహించినంతగా మిగలదు. బరువులో 30 శాతం గ్లిజరిన్ ఉన్న మిశ్రమం నీటికి రెండున్నర రెట్లు, 50 శాతం ఉన్నది సుమారు 6 రెట్లు మాత్రమే చిక్కగా ఉంటుంది. దీనిని మన కొలతల్లోకి మార్చి చెబుతాను: 300 మి.లీ. పట్టే సీసాకు 75 మి.లీ. గ్లిజరిన్, 225 మి.లీ. నీరు కలిపితే మొదటి మిశ్రమం వస్తుంది, మెరుపు పొడికి ఇది సరిపోతుంది. అదే సీసాకు 135 మి.లీ. గ్లిజరిన్, 170 మి.లీ. నీరు కలిపితే రెండోది వస్తుంది, గుడ్డు పెంకుకు ఇదే కావాలి. రెండు చెంచాల గ్లిజరిన్ వేసి మంచు నెమ్మదించలేదని నిరాశపడేవారు ఎక్కువ. మొత్తం సీసా గ్లిజరిన్‌తోనే నింపేవారూ ఉన్నారు, అప్పుడు రేణువులు ద్రవంలో చిక్కుకుని దాదాపు కదలవు. వేడికి ఈ ద్రవం పలచబడుతుంది కాబట్టి కొరాపుట్ వైపు చలిలో నిదానంగా దిగిన మంచు బరంపురం ఉక్కలో కొంచెం తొందరగా దిగడం సహజం.

గ్లిజరిన్ బదులు ఏదైనా వాడవచ్చా అని అడుగుతారు. చక్కెర పాకం చిక్కగా ఉంటుంది గాని పులుస్తుంది, మూత దగ్గర చీమలు చేరతాయి. కొబ్బరి నూనె అయితే మన డిసెంబరు ఉదయాల్లో సీసాలో ఎలా పేరుకుంటుందో ఇంటింటా తెలిసినదే. సుమారు 24 డిగ్రీలకు దిగువన అది గడ్డకట్టి గోళమంతా తెల్లటి ముద్ద అవుతుంది. చంటిపిల్లలకు రాసే ఖనిజ నూనె కుళ్ళదు, నాచు పట్టదు, తేటగానే ఉంటుంది, అది దాని గొప్ప గుణం. కాని కారితే నూనె మరక పోదు, కొన్ని రకాల రబ్బరును, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, మంటకు అంటుకుంటుంది. కొవ్వొత్తులు వెలిగించే బల్ల మీద దానిని పెట్టడానికి నా మనసు ఒప్పదు. బండి ఇంజనులో పోసే కూలెంట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వాడకూడదు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. సీసా పగిలి కారిన చోట పిల్లలో, పెంపుడు కుక్కో నాలుక పెడితే ప్రాణాల మీదికి వస్తుంది.

సీసా ఎంపికలో ఒక చిన్న భౌతికశాస్త్రం తోడ్పడుతుంది. నీరు నిండిన గుండ్రటి గోళం మధ్యలో ఉన్న వస్తువు దాదాపు 1.33 రెట్లు పెద్దదిగా కనబడుతుంది. జామ్ సీసా లాంటి నిలువు గుండ్రటి సీసాలో ఈ పెద్దదనం అడ్డంగా మాత్రమే వస్తుంది, ఎత్తు మారదు. అందుకే సీసాలో పెట్టిన గొర్రెల కాపరి ఉన్నదానికంటె లావుగా కనబడతాడు. సన్నగా, పొడవుగా ఉన్న బొమ్మను ఎంచుకుంటే ఈ లోపమే అందంగా మారుతుంది. పొడి గోళంలో ఈ సమస్య లేదు.

గాజా, ప్లాస్టిక్కా అంటే: నీటి గోళానికి ఇనుప రేకు మూత ఉన్న చిన్న గాజు సీసాయే మేలు, పెద్దవాళ్ళ పర్యవేక్షణ ఉన్నంతవరకు. ప్లాస్టిక్ సీసా పగలదు గాని, పట్టుకున్నప్పుడల్లా గోడ లోపలికి నొక్కుకుని గాలిని, నీటిని మూత వైపు తోస్తుంది. గీతలు పడి మసకబారుతుంది. దాని మూత సాధారణంగా పాలిథిన్ లేదా పాలీప్రొపిలీన్‌తో చేసినది. వాటికి మామూలు జిగురు ఏదీ గట్టిగా అంటదు. ఎంత ఆరనిచ్చినా బొమ్మ ఊడి నీటిలో తేలడానికి అసలు కారణం చాలాసార్లు ఇదే. ఊరగాయ సీసా తీసుకుంటే మూత లోపలి పొరలో ఇంకిన నూనె వాసన ఎంత కడిగినా మిగిలిపోతుంది, తేనె సీసా మంచిది. పాత తీగ బల్బును తొలిచి గోళంగా చేసే పద్ధతి పిల్లలున్న ఇంట్లో వద్దే వద్దు. ఆ పలచటి గాజు చేతిలోనే చిట్లుతుంది.

రెండు అర్ధగోళాలుగా వచ్చే పారదర్శక ప్లాస్టిక్ బంతులు క్రిస్మస్ చెట్టుకు వేలాడదీయడానికి అమ్ముతారు. వాటిలో నీరు నిలవదు, అతుకు దగ్గర కారుతుంది. పొడిగా వాడితే మాత్రం అవి ఎంతో అనుకూలం. మన వైపు చాలా ఇళ్ళలో క్రిస్మస్ చెట్టు అంటే సరుగుడు కొమ్మే. దానికి 300 మి.లీ. నీళ్ళ సీసా కడితే కొమ్మ వంగిపోతుంది, తేలికపాటి పొడి బంతి అయితే నిలుస్తుంది.

జిగురు గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. చెక్కపనికి వాడే తెల్ల జిగురు నీటిలో మళ్ళీ మెత్తబడుతుంది. తక్షణం అతికే జిగురు నీటిలో కాలక్రమాన పెళుసై విడుస్తుంది. వేడి చేసి పూసే జిగురు కడ్డీ నున్నటి రేకు మీద నుంచి పొరలా ఊడుతుంది. కుళాయి లీకులకు ప్లంబర్లు వాడే ఎం-సీల్ గాని, రెండు గొట్టాల ఎపాక్సీ జిగురు గాని తీసుకుని, ముందుగా మూత లోపలి భాగాన్ని గరుకు కాగితంతో రుద్ది, బొమ్మను అతికించి ఒక రోజు పూర్తిగా ఆరనివ్వాలి. ఎం-సీల్‌తో ఇంకొక ఉపయోగం ఉంది: దానితోనే గుట్ట మలిచి మహేంద్రగిరి చేయవచ్చు, బొమ్మ ఎత్తు పెరిగి సీసా మధ్యకు వస్తుంది. మూత అంచుకు చేపల తొట్లకు వాడే సిలికాన్ సన్నగా పట్టించి, తడి లేకుండా తుడిచిన సీసాకు బిగించి, కనీసం 24 గంటలు కదపకుండా ఉంచాలి. సీసాను అంచుదాకా నింపేయాలన్న ఆరాటం సహజమే గాని, చిన్న గాలి బుడగ వదలడమే మంచిది. 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే 300 మి.లీ. నీరు దాదాపు ఒకటిన్నర మి.లీ. పెరుగుతుంది, గ్లిజరిన్ కలిస్తే ఇంకొంచెం ఎక్కువ. ఆ పెరిగినదానికి చోటు లేకపోతే మూత సందులోంచి కారుతుంది.

పొడి గోళం చేసేవారికి మంచు ఎంపిక వేరు. దూది అన్నిటికంటె నమ్మకమైనది. పారదర్శకమైన నైలాన్ దారానికి చిన్న చిన్న దూది పింజలను ముడివేసి లోపలి నుంచి వేలాడదీస్తే, మంచు గాలిలో ఆగిపోయినట్టు కనబడుతుంది. గల్లు ఉప్పు మొదట వజ్రాల్లా మెరుస్తుంది, కాని వానాకాలం తేమకు గడ్డకట్టి నీరు కారుతుంది. గంజాం తీరంలో ఉండేవారు దానిని పండుగ కాగానే తీసేయాలి, లేదా అడుగున సిలికా జెల్ పొట్లం దాచాలి. థర్మకోల్ పూసలు స్థిర విద్యుత్తు వల్ల గోడలకు అంటుకుని బయటి నుంచి మచ్చల్లా కనబడతాయి. నీటి గోళంలోలాగా ఇక్కడ మంచు కురవదు, అది నిజమే. అయితే కొమ్ము పని, లక్క, దోక్రా వంటి చేతి పని వస్తువులను పిల్లల కళ్ళ ఎదుట ఏళ్ళ తరబడి ఉంచగలిగేది ఇదొక్కటే. మన చేతివృత్తుల వారి వస్తువులను పండుగ అలంకరణలో వాడాలనుకునేవారు రెండో ఆలోచన లేకుండా దీనినే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

ఇప్పుడు ఎవరికి ఏది అన్న ప్రశ్న. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్ల ఉంటే ప్లాస్టిక్ బంతిలో పొడి గోళం చేసి చెట్టు పై కొమ్మకు కట్టండి. బటన్ బ్యాటరీ దీపాలు మాత్రం అందులో పెట్టకండి, ఆ బ్యాటరీ మింగితే గొంతు లోపల కాలుతుంది. ఎనిమిది, పదేళ్ళ పిల్లలు స్వయంగా చేయాలనుకుంటే తేనె సీసా, పింగాణీ బొమ్మ, మెరుపు పొడి, పావు వంతు గ్లిజరిన్. చర్చిలో పశువుల పాక పక్కన పెట్టడానికి పెద్దది కావాలంటే నీరు వద్దు. ఒక లీటరు గాజు సీసా జనసమ్మర్దంలో కింద పడితే గాజు పెంకులతో పాటు గ్లిజరిన్ నేలను జారుడుగా చేస్తుంది, ఆ జారుడు సబ్బు నీటితో కడిగేదాకా వదలదు. విశాఖపట్నంలోనో, భువనేశ్వర్‌లోనో ఉన్న బంధువులకు పంపవలసినది కూడా పొడిదే. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళవారు గుడ్డు పెంకుతో ఒక్క నీటి గోళం చేసి మధ్య మెట్టు మీద ఉంచితే, మిగతా బొమ్మల మధ్య అది కన్నులకు విశ్రాంతిగా ఉంటుంది. ఆచారం పాటించేవారు పెంకు బదులు వెండి మెరుపు పొడి వాడుకోవచ్చు.

ఏ ఇల్లయినా నీటి గోళాన్ని ఎండ పడే కిటికీలో పెట్టకూడదు. నీరు నిండిన గుండ్రటి గాజు భూతద్దంలా సూర్యకాంతిని ఒకచోట కేంద్రీకరించి తెరలనూ, కాగితాలనూ కాల్చగలదు. నీరు, ఎండ కలిసిన చోట పచ్చటి నాచు కూడా త్వరగా పడుతుంది.

పని మొదలుపెట్టడానికి డిసెంబరు 15 దాటనివ్వవద్దు. బొమ్మ అతకడానికి ఒక రోజు, సిలికాన్ ఆరడానికి ఒక రోజు, ఆపైన సీసాను తలకిందులుగా వార్తాపత్రిక మీద రెండు రోజులు ఉంచి కాగితం తడిసిందా అని చూడడానికి సమయం కావాలి. తడి కనబడితే మూత తీసి, పాత సిలికాన్‌ను పూర్తిగా గీకేసి మళ్ళీ పట్టించాలి, పాతదాని మీద కొత్తది అంటదు. కాగితం పొడిగా ఉన్నదని నిర్ధారించుకున్న తరువాతే మూత చుట్టూ రిబ్బను చుట్టండి. సంక్రాంతి అయ్యాక సీసాను మూత పైకి ఉండేలా నిలబెట్టి, పాత చీర ముక్కలో చుట్టి, బీరువాలో అన్నిటికంటె కింది అరలో పెడితే మే నెల వేడికి కూడా లోపలి ఆ చిన్న బుడగ తన పని తాను చేసుకుంటుంది.